ఎత్తు మీదే ఆగే లారీ

"బండిల ఏ దోషం లేదని నువ్వే రాసిచ్చినవా సారయ్యన్నా?" అని అడిగాను.

"రాసిచ్చిన. సంతకం సుత పెట్టిన. దోషం లేని బండికి ఉన్నదని ఎట్ల రాస్త తమ్మీ?"

ఇంత నిజాయితీపరుడైన మామ పగవాడికి కూడా వద్దు. సారయ్య రాసిచ్చిన ఆ ఒక్క కాగితం వల్ల అతని సొంత అల్లుడు కొమురెల్లి రెండు రోజులుగా పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చున్నాడు. రేపు పొద్దున పదకొండింటికి కోర్టులో పెడతామన్నారు. దొంగతనం కేసు పడ్డ డ్రైవర్ లైసెన్సు ఏమవుతుందో, ఆ తర్వాత వరంగల్‌లో ఏ ఓనరు అతని చేతికి తాళంచెవి ఇస్తాడో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

నా పేరు రాంచందర్. ఇరవై రెండేళ్లు బస్సుల కింద పడుకొని పనిచేశాను. నడుము ఒప్పుకోని రోజున ఉద్యోగం మానేసి, ఒక గది తీసుకొని ‘ప్రైవేట్ డిటెక్టివ్, మోటారు కేసులు మాత్రమే’ అని బోర్డు కట్టించాను. నవ్వేవాళ్లు నవ్వారు. ఆరేళ్లలో ముప్పై ఒక్క కేసులు వచ్చాయి. ఓడినవి రెండు. ఆ రెండింట్లోనూ ఇంజన్ నిజమే చెప్పింది, నేనే వినలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకి ములుగు రోడ్డు మీది సారయ్య షెడ్డులో ఒక స్టూలు మీద కూర్చొని, చేతిలో సర్వపిండి ముక్కతో, ఎదురుగా ఉన్న లారీని చూస్తున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. మంచి లారీ, వేడి సర్వపిండి, తెగని చిక్కు. ఈ మూడూ ఒకేచోట దొరికే రోజులు మనిషికి ఎన్ని వస్తాయి?

సర్వపిండి తెచ్చింది సమ్మమ్మ. సారయ్య కూతురు, కొమురెల్లి భార్య. కాగితం సంగతి తెలిసినప్పటి నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. ఆయన రెండు గజాల దూరంలోనే ఉన్నా, చెప్పాల్సింది నాకే చెబుతోంది.

"చిన్నాయినా, ఆయనకు జర చెప్పు. ఆయన ఇంజను పేరు నిలవడ్డది. బిడ్డ సంసారం ఎటు పోతె ఏంది?"

"అది గాదు తమ్మీ," అన్నాడు సారయ్య, ఆయన కూడా నాతోనే. "నేను బోర్ కట్టిన ఇంజను నడితొవ్వల ఆగదు. నలభై ఏండ్ల సంది ఒక్కటంటె ఒక్కటి ఆగలె. అబద్ధం ఎట్ల ఆడాలె?"

"అల్లుడు దొంగ అని నమ్ముతున్నావా మరి?"

సారయ్య రెంచీని గుడ్డతో తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "కొమురెల్లి దొంగ గాదు. నా ఇంజను సుత ఆగలె. రెండూ నిజమే. అందుకే నిన్ను పిలిచిన" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. రెండు నిజాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయంటే మధ్యలో ఎవరో మూడో మనిషి ఉన్నాడన్న మాట.

పొద్దున స్టేషన్లో కొమురెల్లిని అరగంట అడిగాను. సూటి మనిషి. టైములు అన్నీ గడియారం చూసినట్టు చెప్పాడు.

"మంగళవారం పన్నెండున్నరకు నేతోళ్ల సొసైటీ కాడ లోడ్ ఎత్తినం సార్. పద్నాలుగు మూటలు. జాతరకు పోయే లుంగీలు, తువ్వాలలు, పసుపు రైకగుడ్డలు. మూటలకు కాపలాగ సొసైటీ గుమాస్త బుచ్చిరాములు నా పక్కన కూసున్నడు. క్లీనరుకు జరమొచ్చి రాలె."

"ములుగు చేరింది?"

"రెండింటికి. హోటల్ల బువ్వ తిన్న. రెండు ఇరవైకి బండి తీసిన. అడివిల పెద్ద ఎత్తు కాడ రెండు నలభై అయిదుకు గుక్క పట్టినట్టయి ఆగింది. చేతిపంపు కొట్టి సెల్ఫ్ కొడితె అందుకున్నది. జర రేస్ ఇస్తె మళ్ల ఆగింది. నాలుగు సార్లు గంతే. మిస్త్రీ కోసం ములుగు దిక్కు నడుచుకుంట పోయిన. బుచ్చిరాములు మూటల కాడ ఉన్నడు. అయిదు పదికి మిస్త్రీతోని బస్సుల వచ్చిన. మూటలు లెవ్వు. బుచ్చిరాములును చెట్టుకు కట్టేసి ఉన్నది. మిస్త్రీ సెల్ఫ్ కొడితె బండి ఒక్క దెబ్బకు అందుకున్నది సార్. ఆన్నే నా బతుకు ఆగమైంది."

"నడిచేటప్పుడు దారిలో ఎవరైనా ఎదురయ్యారా?"

"మనిషి కనపడలె. మూడు ఇరవై అప్పుడు చెట్ల అవతల కచ్చా తొవ్వ మీద జీపు పోయింది. ఎనక ఎడమ దిక్కు స్ప్రింగు కమాన్ కట్టల పెద్దపట్టీ ఇరిగిన జీపు. గుంతల దిగినప్పుడల్లా రెండు సార్లు కొడ్తది సార్, ఠక్కు ఠక్కు అని. మల్ల ఇంటె కండ్లు మూసుకొని గుర్తువడ్త."

అది రాసుకున్నాను. పోలీసులు రాసుకోలేదు. సప్పుడు విని జీపును గుర్తుపడతాడట అని ఒక కానిస్టేబుల్ నవ్వాడు కూడా. ఆ కానిస్టేబుల్‌కి సొంత సైకిల్ తప్ప వేరే బండి లేదు, అతన్ని ఏమనలేం.

రెండు గంటలకి కైలాసం దిగాడు. సఫారీ సూటు, నల్ల కళ్లద్దాలు, చంకలో ఫైలు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, స్టేషన్ రోడ్డులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. ఆయన బోర్డు నా బోర్డు కంటే రెండింతలు పెద్దది. సొసైటీ సెక్రెటరీ వెంకట్రాజం తరఫున ఈ కేసు చూస్తున్నాడు. కొమురెల్లి దొంగ అని తేల్చి, సారయ్య చేత ఆ కాగితం రాయించుకుపోయింది ఈయనే. పక్కన ఆ గుమాస్తా బుచ్చిరాములు ఉన్నాడు. బక్కపల్చని మనిషి, నొసట నిండుగా విభూతి, మణికట్టుల మీద తాడు ఒరిపిడి.

కైలాసం నడుము మీద చెయ్యి పెట్టుకొని మూలుగుతూ స్టూలు లాక్కున్నాడు. "ఏం మిస్త్రీ, ఇంక బండినే సూసుకుంట కూసున్నవా? కేసు రేపటికి ఖతం."

నన్ను డిటెక్టివ్ అనడం ఆయనకు ఇష్టం ఉండదు. మిస్త్రీ అంటే నాకు కోపమొస్తుందనుకుంటాడు పాపం.

"నడుముకేమైంది కైలాసం సాబ్?"

"సెక్రెటరీ సాబ్ జీపుల దింపిండు. గుంత వచ్చినప్పుడల్ల ఎత్తేసిండు. గది ఇడ్సిపెట్టు. ఇను. డ్రైవరు బండి ఆగిందన్నడు. బండి ఆగలె. ఆ ఎత్తు కాడి నుంచి ఈడి దాక అరవై కిలోమీటర్లు పోలీసోళ్లే నడిపిచ్చుకొచ్చిన్రు. ఒక్కసారి దగ్గలె. నీ దోస్తు సారయ్యనే రాసిచ్చిండు. ఇగ డ్రైవరు కావాల్ననే ఆపిండు. దొంగలు ఆడ తయారుగున్నరు. ఇండ్ల ఏం తప్పున్నది, చెప్పు?"

"ఏమీ లేదు. చాలా బాగుంది. ఒక్క ప్రశ్న. దొంగలతో కలిసినవాడు బండిని దొంగలకే వదిలేసి పారిపోకుండా, మిస్త్రీని వెంటబెట్టుకొని ఎందుకొస్తాడు? బండి బాగుందని మిస్త్రీ కనిపెడతాడని డ్రైవర్‌కి తెలియదా?"

"తెలివి తక్కువోడు."

"ఇరవై ఏళ్లుగా అడవిలో లారీ నడిపేవాడు తెలివి తక్కువవాడు కాదు సాబ్. తెలివి తక్కువవాళ్లను ఆ రోడ్డు మొదటి ఏడే వడపోస్తుంది."

సమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటిసారేమో. నాకు ఇంకో సర్వపిండి ముక్క పెట్టింది.

నేను లేచి పనిలోకి దిగాను. డీజిల్ ఇంజన్ ఆగి, చేతిపంపు కొడితే లేచి, రేస్ ఇస్తే మళ్లీ ఆగిందంటే జబ్బు ఇంజన్లో ఉండదు, దానికి అన్నం అందే దారిలో ఉంటుంది. ఆ దారికి రెండే రోగాలు. ఎక్కడో సందులోంచి గాలి పీల్చుకోవడం, లేదా ఎక్కడో అడ్డం పడటం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైపు ఇనుపది, లోపల ఏం జరుగుతుందో దేవుడికే తెలియాలి.

అందుకని పొద్దున వచ్చేటప్పుడు మేస్త్రీ కట్టయ్య దగ్గర మట్టం పైపు అడిగి తెచ్చుకున్నాను. గోడలు కట్టేవాళ్లు నీళ్లు పోసి మట్టం చూసుకునే మెత్తటి పైపు. లోపల ఉన్నది అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. సారయ్య ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి పోయే ఇనుప పైపు విప్పాడు. దాని స్థానంలో నా మట్టం పైపు ఎక్కించాను. బిగించడానికి సరైన క్లిప్పు లేదు. గట్టి నూలు దారంతో చుట్టి కట్టాలి. ఉన్న దారం ఒక పక్కకే సరిపోయింది, రెండో పక్కకి రెండు తునకలు మిగిలాయి.

"ఇవి కలిపి ఇయ్యి జర" అని పక్కనే నిలబడ్డ బుచ్చిరాములు చేతిలో పెట్టాను.

అతను ఆలోచించలేదు. బొటనవేలూ చూపుడువేలూ నొసటి విభూతికి ఒకసారి తాకించుకున్నాడు. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి ఒక్క తిప్పు తిప్పి పేనాడు, వెనక్కి మడిచి మళ్లీ పేనాడు. రెండు క్షణాలు పట్టలేదు. ముడి లేదు. ఎక్కడ అతికిందో వేలితో తడిమితే కూడా తెలియలేదు.

"అబ్బ! ఏం చెయ్యి బుచ్చిరాములూ!" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. పనితనం ఎక్కడ కనిపించినా నాకు సంతోషమే.

"అచ్చు అతికేటోన్ని గద సారూ. ముప్పై ఏండ్లు ఇదే పని" అన్నాడు సిగ్గుపడుతూ. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే పాతవాటికి పేని కలిపే పని అది. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. "మరమగ్గాలు వచ్చినంక పని లేకుంటయింది. సెక్రెటరీ సారే గుమాస్త పనిల పెట్టుకున్నడు."

దారం నాలుగు చుట్లు చుట్టి బిగించాను. సారయ్య సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది. మట్టం పైపులో డీజిల్ నిండుగా పారుతోంది, ఒక్క గాలి బుడగ లేదు. రెండు ఇరవై రెండు నుంచి రెండు ముప్పై రెండు దాకా ఫుల్ రేస్‌లో ఉంచాము. షెడ్డు రేకులు దడదడలాడాయి. ఇంజన్ ఎక్కడా తడబడలేదు.

"అయిపోయిందా మిస్త్రీ?" అని అరిచాడు కైలాసం, ఆ మోతలో.

సారయ్య ముఖంలో గర్వం, దాని వెనకాలే దిగులు. తన ఇంజన్ గెలిచిన ప్రతి నిమిషం అల్లుడు ఓడిపోతున్నాడు. పాపం, ఆ ముసలాయన ఇంజన్ ఆగాలని మొక్కుకున్నది జీవితంలో ఆ పది నిమిషాలే అయి ఉంటుంది.

"ఆపు అన్నా" అన్నాను. "కొమురెల్లి బండి ఆగింది చదునులోనా, ఎత్తులోనా?"

"ఎత్తుల."

"పోలీసులు దాన్ని వెనక్కి నడిపించుకొచ్చినప్పుడు అదే చోటు ఏమైంది?"

సారయ్య అరచెయ్యి పైకెత్తి, కిందికి వంచి చూసుకున్నాడు. "దిగుడు అయితది" అన్నాడు మెల్లగా.

"మరి మనమెందుకు దాన్ని చదునులో పెట్టి అడుగుతున్నాం?"

షెడ్డు వెనకాల మట్టి ర్యాంపు ఉంది, కింద పని చేసేటప్పుడు ముందు చక్రాలు ఎక్కించేది. సారయ్య లారీని దాని మీదికి ఎక్కించాడు. ముక్కు పైకి, తోక కిందికి. సమయం రెండు నలభై ఒకటి. ఫుల్ రేస్. మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషం ఏమీ లేదు. కైలాసం ఫైలు సర్దుకుంటున్నాడు.

మూడో నిమిషంలో మట్టం పైపు మెల్లగా చప్పబడటం మొదలుపెట్టింది. లోపల పీల్చే పంపు పీలుస్తూనే ఉంది, వెనక నుంచి డీజిల్ రావడం లేదు. పైపు రెండు గోడలూ ఒకదాన్నొకటి అంటుకున్నాయి. ఇంజన్ గుక్క పట్టింది, రెండు సార్లు దగ్గింది, ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దం! నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

"గాలి కాదు, అడ్డం! ట్యాంకులో ఏదో ఉంది. బండి ముక్కు లేస్తే డీజిల్‌తో పాటు వెనక్కి జారుతుంది, పీల్చే పైపు మూతికి అతుక్కుంటుంది. చదును మీద మళ్లీ ఊడి పక్కకి పోతుంది. కొమురెల్లి చెప్పిన ప్రతి మాటా నిజం."

"డీజిల్ పోసే మూతికి వడకట్టే జాలి ఉంటది గద," అన్నాడు కైలాసం. ముసలి పోలీసు, అంత తెలియనివాడేం కాదు. "లోపటికి ఎట్ల పోతది?"

అందరం సారయ్య వైపు చూశాము. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇది ఈ బండి ట్యాంకు గాదు," అన్నాడు. "పోయిన దసరాకు ఇంకో కంపినీ బండిది పెద్ద ట్యాంకు ఎక్కిచ్చిన. అడివిల డీజిల్ దొరకదని సొసైటోళ్లు అడిగిన్రు. పాత జాలి దీని మూతికి పట్టలె. మల్ల చేపిద్దామనుకున్న. మర్శిపోయిన." గొంతు తగ్గిపోయింది. "ఏ దోషం లేదని రాసిచ్చిన గద... దోషం నాదే ఉన్నది."

సమ్మమ్మ లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. "నాయినా, ఇగ నిలవడకు. ట్యాంకు దించు" అంది. అంతే. ఆ ముసలాయన ఆ ట్యాంకును ఇరవై నిమిషాల్లో దించాడు. వయసులో ఉన్నవాళ్లిద్దరికి గంట పని.

డీజిల్ డ్రమ్ములోకి వంచాక చివర్లో జారి పడింది. పిడికిలంత గుడ్డ ఉండ, దారంతో గట్టిగా కట్టి ఉంది. ఆ దారానికి జానెడు తోక. తోక కొస తెగిన కొసలా లేదు. కత్తిరించిన కొసలానూ లేదు. సన్నగా మెలితిరిగి, పేనినది సడలి జారిపోయిన కొసలా ఉంది.

నేను మట్టం పైపుకి కట్టిన దారం విప్పి, పేనిన చోట పట్టుకొని, డీజిల్లో ముంచి ఒక నిమిషం నానబెట్టి గట్టిగా లాగాను. విభూతి కొట్టుకుపోయి, పేనినది సడలి, రెండు ముక్కలూ జారి విడిపోయాయి. వాటిలో ఒకదాని కొసను ఉండ తోక పక్కన పెట్టాను. అక్కచెల్లెళ్లలా ఉన్నాయి.

కైలాసం కళ్లద్దాలు తీశాడు. "వరంగల్‌ల పేనెటోళ్లు వేలమంది ఉన్నరు" అన్నాడు, కానీ గొంతులో జోరు లేదు.

"నిజమే. వాళ్లలో ఆ రోజు ఈ ట్యాంకు పక్కన ఉన్నది ఎంతమంది?" అని బుచ్చిరాములు వైపు తిరిగాను. "ములుగులో కొమురెల్లి అన్నం తింటున్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బండి కాడ... మూటలకు కావలి..."

"ఎంతసేపు?"

"పావుగంట."

"తర్వాత ఎత్తు దగ్గర బండి ఆగింది, కొమురెల్లి వెళ్లాడు. గుడ్డను బయటికి లాగేద్దామని, ట్యాంకు మూత బయట వదిలిన దారం కొస పట్టి గుంజావు. సగం దారమే చేతికొచ్చింది. ఆ సగం ఏంచేశావు?"

"అడివిలనే పారే..." అని, మాట మింగాడు. మింగినా లాభం లేదు, అందరం విన్నాము.

బుచ్చిరాములు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కొట్టాల్సిన అవసరం, బెదిరించాల్సిన అవసరం రాలేదు. రెండు రోజుల నుంచి ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నవాడిలా చెప్పుకొచ్చాడు.

"ఇచ్చిన దారం పొట్టిగుండె సారూ. ఇంకో తునక అతికిన. చెయ్యి దానంతటదే పేనింది."

"ముడి వేస్తే సరిపోయేది కదయ్యా! ముడి వేసి ఉంటే గుడ్డ బయటికొచ్చేది, నువ్వెప్పటికీ దొరికేవాడివి కాదు."

నా వైపు అమాయకంగా చూశాడు. "ముడి ఏస్తె అచ్చుల ఇరుక్కుంటది గద సారూ" అన్నాడు.

పోగులు దూరే ఆ దువ్వెన, అసలు మగ్గమే లేని చోట, డీజిల్ ట్యాంకులో, పోగు ఎక్కడా తట్టుకోకూడదని ముప్పై ఏళ్ల చెయ్యి జాగ్రత్త పడింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలి కూడా కలిగింది. ఇంత మంచి చేతికి ఎవరు ఇంత చెడ్డ పని అప్పగించారు?

"దారం ఎవరిచ్చారు?"

అతను కైలాసం వైపు భయంగా చూశాడు. "సెక్రెటరీ సారు. వెంకట్రాజం సారు. గుడ్డ ఏసి, పనయినంక గుంజెయ్యమన్నడు. ఆ ఎత్తు కాడనే ఆగుతదని ఆయనకు ఎరుకే. జీపుకు ట్రాలీ కట్టుకొని కచ్చా తొవ్వల ఉన్నడు. రెండు తిప్పలల్ల మూటలన్ని ఏసుకపోయి, నన్ను చెట్టుకు కట్టేసిండు. నేను ఒప్పుకోకుంటె కొలువు తీసేస్త అన్నడు. ములుగుల కొమురెల్లి నాకు సుత బండి కాడికే బువ్వ పంపిచ్చిండు సారూ. ఆ బువ్వ తినుకుంట..." అని మణికట్టు మీది ఒరిపిడిని రుద్దుకున్నాడు.

సారయ్య తల పట్టుకున్నాడు. "ట్యాంకు ఎక్కిచ్చేటప్పుడు పక్కన నిలవడి అన్నీ అడిగిండు తమ్మీ. పైపు మూతి ఏడుంటది, ఎత్తెక్కినప్పుడు డీజిల్ ఎటు పోతది అని. ఎంత మంచిగ తెలుసుకుంటాండు అని ఖుషీ అయి అన్నీ చెప్పిన."

నేను కైలాసం వైపు చూశాను. ఆయన ముఖంలో అంతవరకు ఎప్పుడూ చూడనిది కనిపించింది. చేయి ఇంకా నడుము మీదే ఉంది.

"రాంచందర్," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఆ జీపు... ఎనక ఎడమ దిక్కే కొట్టింది. గుంతకు రెండు సార్లు. నేను కూసున్నది ఆ దిక్కే."

"సాబ్, కొమురెల్లి ఆ సప్పుడు గుర్తుపడతానన్న సంగతి మీరెవరికైనా చెప్పారా?"

"రిపోర్టుల రాసిన. పొద్దుగాల ఇచ్చిన. జీపుల వచ్చేటప్పుడు నవ్వుకుంట నోటితోని సుత చెప్పిన." నిజాయితీగానే చెప్పాడు. "ఆయన నవ్వలె. నన్ను ఈడ దింపి, పనున్నదని పోయిండు."

"బుచ్చిరాములును చూసుకోండి" అని ఆయనకు చెప్పి, రోడ్డు దాటి పెట్రోల్ బంకులోకి పరుగెత్తాను. ఫోను అక్కడే ఉంది. నా వెనకాలే సమ్మమ్మ వచ్చింది, చెప్పులు కూడా వేసుకోలేదు. గోడ గడియారంలో మూడు ఇరవై ఐదు. నంబరు కలవడానికి రెండు నిమిషాలు పట్టింది. హెడ్ కానిస్టేబుల్ గొంతు ఉషారుగా ఉంది.

"కొమురెల్లా? ఆయనను ఇడ్సిపెట్టినం గద సార్! ఫిర్యాదు ఇచ్చిన వెంకట్రాజం సారే వచ్చి, నేను పొరపాటు పడ్డ, ఆయన మీద కేసొద్దు అన్నడు. మేం ఇంక ఏం రాయలేదు గద, సరే అన్నం. మూటలు పోయిన జాగ ఒక్కసారి చూపియ్యమని తన జీపులనే ఎక్కిచ్చుకొని ములుగు దిక్కు పోయిండు. మూడింటికి. కొమురెల్లి మస్తు ఖుషీ సార్. మా అందరికి దండం పెట్టి మరీ ఎక్కిండు."

ఫోను పెట్టేశాను. ఆ జీపు కదిలిన మొదటి గుంతకే కొమురెల్లి చెవికి అంతా తెలిసిపోయి ఉంటుంది. తెలిసిందని అతని ముఖం చూస్తే పక్కనున్నవాడికీ తెలుస్తుంది.

సమ్మమ్మ నా ముఖం చూడటం లేదు. ఫోను వైపే చూస్తోంది. ‘ఇడ్సిపెట్టినం’ అన్న మాట ఆమెకు కూడా వినిపించినట్టుంది. ముఖం విప్పారింది.

"నిజమేనా చిన్నాయినా? ఇడ్సిపెట్టిన్రా?"

"ఇడ్సిపెట్టారమ్మా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. నేను రోడ్డుకు అవతల ఉన్న సారయ్యకు వినపడేలా అరిచాను. "అన్నా, ట్యాంకు ఎక్కించకు, టైము లేదు! డీజిల్ డబ్బా ఒకటి క్యాబిన్లో పెట్టి, మట్టం పైపు అందులో ముంచు. బండి తియ్యి!"

"ఎటు పోవాలె తమ్మీ?"

"ములుగు" అన్నాను. "జీపు మనకంటే అరగంట ముందుంది."

నా పక్కన సమ్మమ్మ నవ్వు ఆగిపోయింది.